క్యారేజీ పంపని విందు

విందుకి పిలిచినా మనిషి రాకపోతే నష్టం ఎవరికి? నా వ్యాపారంలో ఉన్నవాణ్ణి ఎవరిని అడిగినా ఒకటే చెబుతాడు: రానివాడికి. వంట అయిపోయింది, షామియానా లేచింది, గుండిగలు పొయ్యి దిగాయి. ఆ మనిషి వచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చు అయిపోయినట్టే. అతను తన భోజనం పోగొట్టుకున్నాడు, అంతే. మామిడికుదురు సెంటర్లో షామియానాలు, వంట సామాను అద్దెకిచ్చే కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఎన్నో పెళ్ళిళ్ళూ దినాలూ చూశాను. ఈ లెక్క ఎక్కడా తేడా రాలేదు. నర్సమ్మగారి విందులోనే వచ్చింది.

నర్సమ్మగారి పేరు దీనమ్మ. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు చాలామంది ఆవిడ చేతుల మీదుగానే ఈ లోకంలోకి వచ్చారు. నా పిల్లలిద్దరూ అంతే. తొంభైయారు తుఫానులో పేటలోని ప్రార్థన మందిరం కప్పు లేచిపోయి గోడలు కూలితే, ఆవిడే పూనుకుని మళ్ళీ కట్టించారు. తొంభైతొమ్మిది ఫిబ్రవరిలో దానికి ప్రతిష్ఠ. ఆ రోజు పేటకీ ఊరికీ కలిపి భోజనం పెట్టాలని ఆవిడ కోరిక.

సామాను మాట్లాడుకోవడానికి కొట్టుకొచ్చినప్పుడు, "కోడిమాంసం ఎంతమందికండీ? దాన్ని బట్టి బేసిన్లు పంపుతాను" అన్నాను అలవాటుగా.

"మాంసం వద్దు బాబూ. అందరూ కూర్చోవాలి. పులిహోర, పప్పు, పనసపొట్టు కూర, బూరెలు. వంటవాళ్ళని రావులపాలెం నుంచి పిలిపిస్తున్నాను. ఎవరికీ ఏ వంకా దొరక్కూడదు."

"వంక కావాలనుకున్నవాళ్ళకి పనసపొట్టు అడ్డమాండీ?"

ఆవిడ నవ్వేశారు. "నా వంతు నేను చూసుకోవాలిగా ఏడుకొండలు గారూ. తర్వాత వాళ్ళిష్టం."

ఇంటింటికీ ఆవిడే స్వయంగా వెళ్ళి పిలిచారు. మా వైపు విందులకి ఒక్క పిలుపు చాలదు. ముందు రోజుల్లో వెళ్ళి చెప్పేది ఒకటి. విందు రోజున ఆకులు వేశాక ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి "ఆకులేసేరండీ, రమ్మంటున్నారు" అని చెప్పేది రెండోది. ఆ రెండో పిలుపు వస్తేనే మర్యాద ఉన్నవాళ్ళు గడప దాటేది. ఇక మంచం పట్టినవాళ్ళకీ, మైల ఉన్నవాళ్ళకీ, కదల్లేని ముసలివాళ్ళకీ బంతులన్నీ లేచాక క్యారేజీ వెళుతుంది. క్యారేజీ వెళ్ళిందంటే ఆ ఇంటి సంగతి అయిపోయినట్టే. ఆ విందుకి ఆ గుమ్మంలోకి మళ్ళీ ఎవరూ వెళ్ళి పిలవరు.

ప్రతిష్ఠ రోజు పొద్దున్న ముందు ఆరాధన, తర్వాత భోజనాలు. నేనూ, నా వ్యాను నడిపే బుల్లబ్బాయీ వెనక గుండిగల దగ్గర కూర్చున్నాం. పి.గన్నవరం నుంచి వచ్చిన పాస్టరుగారు మైకులో మాట్లాడుతున్నారు. ఏసుక్రీస్తు ఒకసారి కొండ మీంచి పట్టణాన్ని చూసి ఏడ్చాడట. అన్నేళ్ళుగా పిలుస్తున్నా ఆ ఊరివాళ్ళు రానన్నారు. తిట్టాడా, శపించాడా అంటే ముందు ఏడ్చాడట. "ఇవాళ కూడా ఆయన అలాగే చూస్తున్నాడు" అన్నారు పాస్టరుగారు.

నాకు చిత్రంగా అనిపించింది. నా పేరు ఏడుకొండలు. మా ఇంట్లో ఏటా తిరపతి వెళతాం. అక్కడ జనం గంటల తరబడి దేవుడి కోసం ఎదురుచూస్తారు. ఇక్కడ దేవుడు జనం కోసం ఎదురుచూస్తున్నాడంటున్నారు.

"ఏంటి బుల్లబ్బాయీ, ఈ దేవుడు ఏడుస్తున్నాడంట!" అన్నాను మెల్లగా.

"మీ దేవుడు ఏడవడాండీ?"

"మా ఆయనకి ఏడవడానికి తీరికెక్కడిది? కొండ మీద క్యూ చూసేవా ఎప్పుడైనా?"

"మరి వచ్చినోళ్ళని చూసుకునేవాడికి రానోళ్ళు కనపడరేమోనండి" అన్నాడు బుల్లబ్బాయి, బీడీ చెవి మీద సర్దుకుంటూ. "ఈయన రానోళ్ళని కూడా లెక్కేసుకుంటున్నట్టున్నాడు."

ఆ మాట నాకు పట్టుకుంది. బంతులు మొదలయ్యాక పాస్టరుగారు చేతులు కడుక్కుంటుంటే చెంబు అందించి అడిగాను. "ఓ సందేహమండీ. మేం రాకపోతే దేవుడికేమన్నా తక్కువవుతుందాండీ?"

"ఏమీ అవదండీ. ఆయనకి ఏ లోటూ లేదు."

"మరి ఏడుపెందుకండీ?"

"ప్రేమండీ."

"ప్రేమ సరేనండీ. లోటు లేనిచోట ఏడుపెలా పుట్టిందీ అని."

పాస్టరుగారు మంచి మనిషి. తెలియంది తెలుసని బుకాయించలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "ఇది నేను కూడా అడుగుతుంటానండీ" అన్నారు. "దీనమ్మగారినడగండి. ఆవిడ మీకు తెలిసేలా చెప్తారు."

పేట పేటంతా తృప్తిగా తిన్నారు. ఊళ్ళోంచి స్కూలు మేష్టరుగారూ, కాంపౌండరుగారూ, మరికొన్ని కుటుంబాలవాళ్ళూ వచ్చి బంతిలో కూర్చున్నారు. మిగతా పెద్దలు కుర్చీల్లో కాసేపు కూర్చుని, మందిరం బాగుందని మెచ్చుకుని, తలొక అరటిపండూ చేత్తో పట్టుకుని "పొద్దున్నే తినేశామండీ" అంటూ లేచిపోయారు. దీనమ్మగారు ప్రతి ఒక్కరినీ పందిరి చివరిదాకా సాగనంపి, వాళ్ళు రోడ్డెక్కేదాకా చూసి వెనక్కి వచ్చారు.

ఎండ వాలేసరికి పందిరి ఖాళీ అయింది. మర్నాడు పాశర్లపూడిలో పెళ్ళి. ఈ సామాను కడిగి దీపాల వేళకి అక్కడ దించాలి. బల్లలు మడుస్తూ వచ్చిన బుల్లబ్బాయి చివరి బల్ల దగ్గర ఆగిపోయాడు. దాని మీద నీళ్ళు చల్లి వేసిన ఆకు ఒకటి, ఎండిపోకుండా దాని మీద బోర్లించిన మరో ఆకు, పక్కన గ్లాసు ఉన్నాయి. ఎదురుగా కుర్చీలో దీనమ్మగారు.

"ఈ ఆకెవరిదండీ?" అన్నాను.

"మా తమ్ముడిది."

తమ్ముడంటే జకరయ్య. నాకు బాగా తెలుసు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ విందులోనైనా వడ్డనకి అతనే ముందు. సాంబారు బకెట్టుతో బంతి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళితే కింద చుక్క పడేది కాదు. తుఫాను రాత్రి అతనూ, భార్య రత్నమ్మా ఇంట్లో మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటుంటే కొబ్బరిచెట్టు విరిగి ఇంటి మీద పడింది. అతను బయటపడ్డాడు, ఆవిడ పోయింది. అప్పటి నుంచి మందిరం గడప తొక్కలేదు. విందుల్లో బకెట్టూ పట్టుకోలేదు.

"రెండో పిలుపు వెళ్ళిందాండీ?"

"వెళ్ళింది. రానన్నాడు. మీరొకసారి వెళ్తారా బాబూ? మా పేటవాళ్ళ మాటయితే వినకుండానే తలుపేసేస్తాడు. మీతో కనీసం మాట్లాడతాడు."

"ఆయ్, వెళ్తానండీ. మీరు ముందు భోజనం చెయ్యండి."

ఆవిడ పక్కనున్న పాస్టరుగారి భార్య అందుకుంది. "తినరండీ. విందు పెట్టినవాళ్ళు ఆఖరి బంతిలో కూర్చోవాలి కదా. ఈవిడ ఆఖరి బంతి ఆయనే. పొద్దున్న షుగరు ఇంజెక్షను చేసుకున్నారు కూడా. మీరైనా చెప్పండి."

"చక్కెర బిళ్ళ నోట్లో వేసుకున్నానమ్మా. నర్సుని నువ్వా, నేనా?" అని దీనమ్మగారు ఆవిణ్ణి కసిరి నా వైపు తిరిగారు. "నేను తినలేదని మాత్రం వాడితో చెప్పకండి."

"ఎందుకండీ? ఆ ఒక్క మాట చెబితే పరిగెత్తుకొచ్చేస్తారు."

"అలా వస్తే నా షుగరుకి భయపడి వచ్చినట్టు. పిలిస్తే వచ్చినట్టు కాదు."

ఇదేం బేరమో నాకు అర్థం కాలేదు. కాని తెలుసుకోవాలనిపించింది. చెప్పనని మాటిచ్చి బయల్దేరాను.

కాలువ మీది వంతెన దాటితే జకరయ్య ఇల్లు. తుఫాను తర్వాత రేకులు వేసి కట్టుకున్నది. వాకిట్లో నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు వలుస్తున్నాడు. ఆ రోజు పేటలో పని పెట్టుకున్నవాడు అతనొక్కడే.

"ఆకేసేరండీ, రమ్మంటున్నారు" అన్నాను, పిలుపు పద్ధతిలోనే.

అతను తలెత్తలేదు. "షామియానా వాళ్ళు పిలుపులు కూడా మొదలెట్టేరా? దీనికి వేరే అద్దెంటండీ?"

"ఇది కొసరండీ."

నవ్వొచ్చింది అతనికి. ఆపుకుని కొబ్బరికాయల కుప్ప పక్కనున్న పీట చూపించాడు. "కూర్చోండి. కూర్చోవడానికి అభ్యంతరం లేదు. ఆ సంగతి ఎత్తకండి."

"ఎత్తనండీ. సాంబారు సంగతి చెప్తాను. మీరు లేక బకెట్లు సగంలో ఉండిపోయినాయి. ఆ వడ్డించేవాళ్ళకి గరిటె పట్టుకోవడం రాదు. మేష్టరుగారి చొక్కా మీద పప్పు పోసేరు."

"ఏ చొక్కా? తెల్లదేనా?"

"తెల్లదేనండీ."

"ఆయన ఇంకేం తింటారు పాపం" అని చేతిలో కాయ కింద పెట్టాడు. కాసేపటికి అతనే మొదలెట్టాడు. "ఏడుకొండలు గారూ, మీరు వ్యాపారస్తులు. మీకైతే అర్థమవుద్ది. ఆయన పిలిచినప్పుడల్లా నేనెళ్ళేను. చిన్నప్పట్నుంచీ ఒక్క ఆదివారం మానలేదు. ఆ రాత్రి గాలిలో నేను పిలిచేను. మోకాళ్ళ మీద ఉండి, నేనూ మా ఆవిడా ఇద్దరం పిలిచేం. ఆయన రాలేదు. చెట్టొచ్చింది. లెక్క సరిపోయిందండి. ఇంక ఆయనకీ నాకూ ఇచ్చిపుచ్చుకోడాల్లేవు."

అంత శుభ్రంగా తెంపేసిన లెక్క నా వ్యాపారంలో కూడా చూడలేదు. "పాస్టరుగారు చెప్పేరండీ, రానివాళ్ళ కోసం ఆయన ఏడుస్తాడంట" అని మాత్రం అన్నాను.

"ఏడవనీండి. నేనేడవలేదా?" అని కాయ తీసి గునపం మీదకి దించాడు. పీచు ఒక్క దెబ్బకి చీలింది.

లేచి నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి అడిగాడు. "బూరెలు అందరికీ సరిపోయినాయా?"

"సరిపోయినాయండీ."

"అక్క కూర్చుందా, తినడానికి?"

మాట ఇచ్చి వచ్చాను. "ఆవిడ సంగతి నేను చూళ్ళేదండీ" అనేసి వంతెన ఎక్కాను. దారంతా అదే ఆలోచన. లావాదేవీ తెగిపోయిన కొట్టు ఎలా నడుస్తోందో ఎవడూ వాకబు చెయ్యడు. ఇతను బూరెల లెక్క దాకా అడుగుతున్నాడు.

దీనమ్మగారు అక్కడే కూర్చుని ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా నిదానంగానే విన్నారు. "బూరెలు సరిపోయినాయా అని అడిగేరండీ" అనగానే చెంగు కళ్ళకి అద్దుకున్నారు.

"ఒక మాటడుగుతానండీ, ఏమనుకోకండి" అన్నాను. "పాస్టరుగారిని కూడా అడిగేను. దేవుడికి లోటేం లేదన్నారు. మీకూ లోటు లేదు. మందిరం అయింది, విందు అయింది, తిన్నవాళ్ళు మెచ్చుకున్నారు. తిననివాడిది నష్టం. ఏడవాల్సింది అతను కదండీ?"

ఆవిడ నన్ను తేరిపార చూశారు. ఆసుపత్రిలో కొత్త తండ్రులని చూసే చూపు అది. నేను ఎరుగుదును.

"బిడ్డ పాలు తాగలేదనుకోండి బాబూ. నష్టం ఎవరికి?"

"బిడ్డకేనండీ."

"మగవాళ్ళందరూ అదే చెప్తారు. మూతి తిప్పేసుకుంటాడు వాడు. రెండో రోజుకి తల్లి రొమ్ము రాయైపోతుంది. సలపరం, జ్వరం. ముట్టుకోనివ్వదు. ఎంతమందిని చూసేనో. ఆ నొప్పి పాలు లేక వచ్చింది కాదు. ఉండి వచ్చింది. తాగే నోరు తిప్పుకుంటే వచ్చింది." ఆవిడ మందిరం వైపు చూశారు. "దేవుడికి లోటు లేదనే కదా పాస్టరుగారు చెప్పింది. నిజమే. నిండుగా ఉన్నాడు కాబట్టే నొప్పి."

మా పెద్దవాడు పుట్టినప్పుడు నాలుగు రోజులు పాలు తాగలేదు. మా ఆవిడ గోడకి తిరిగి పడుకుని మూలిగేది. ఈవిడే రోజూ వచ్చి చూసేవారు.

కాని ఆలోచిస్తూ కూర్చుంటే పెళ్ళివారు ఆగరు. సూర్యుడు కొబ్బరి మట్టల్లోకి దిగాడు. "అయితే ఓ పని చేద్దామండీ. క్యారేజీ పంపేద్దాం. అతను ఇంట్లో తింటారు, మీరిక్కడ తింటారు" అన్నాను.

"వద్దు." ఆ మాట మట్టుకు నర్సుగా ఉన్నప్పటి గొంతుతో అన్నారు. "క్యారేజీ వెళ్తే పిలుపు తెగిపోయినట్టని మీకు తెలీదా? ఎండా, వానా, పంటా, అన్నీ దేవుడు వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ క్యారేజీ పంపినట్టే పంపుతున్నాడు. దాంతో ఆయన తృప్తిపడేవాడైతే ఇంక ఏడుపెందుకు? గిన్నెలు ఖాళీ అయితే చాలా? మనిషి రావొద్దూ?"

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. బుల్లబ్బాయి గుండిగలు ఎక్కించాడు. షామియానా గుంజలు ఊడదీశాడు. ఆ ఒక్క బల్లనీ, ఆవిడ కుర్చీనీ మాత్రం వదిలేశాడు. దీనమ్మగారి నుదుటి మీద చెమట పట్టింది. తాగడానికి చెంబు ఎత్తితే నీళ్ళు తొణికాయి. పాస్టరుగారి భార్య రెండో చక్కెర బిళ్ళ నోట్లో పెట్టింది.

నా వ్యాపారంలో ఎవరేం చెప్పారన్నదాని కన్నా పని జరగడం ముఖ్యం. ఆవిడ తినాలంటే అతను తినాలి. అతను ఎక్కడ తింటే ఏం? మందిరం పక్కనే ఉన్న ఆవిడ ఇంటి వసారాలో మేకుకి పాత డ్యూటీ క్యారేజీ వేలాడుతోంది. తీసుకుని, అతని ఆకు కోసం గిన్నెల్లో తీసి ఉంచిన పులిహోర, కూర, పప్పు, బూరెలు సర్దాను.

"ఆవిడ వద్దన్నారు గదండీ" అన్నాడు బుల్లబ్బాయి.

"వద్దన్నది పంపడం. పంపేది ఆవిడ కాదు, నేను."

"మీ లెక్కలు మీరే చూసుకోవాలండీ బాబూ" అని అతను వ్యాను చక్రాలు తుడవడం మొదలెట్టాడు.

జకరయ్య వలిచిన కాయలు బుట్టలో వేస్తున్నాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత క్యారేజీని చూశాడు. చూసి, చేతిలో కాయ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"అక్క పంపిందా?"

అవునంటే అబద్ధం. కాదంటే అతను తినడు. "తీసుకోండి, బూరెలున్నాయి" అన్నాను.

"అక్క పంపిందా అంటున్నాను."

"ఆయ్" అన్నాను.

అతని ముఖం ఎలా అయిందో నేను ఊహించి ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. రెండేళ్ళ పైగా రాను, రాను అని నోటితో అన్న మనిషి, ఎవరో గుమ్మంలోంచి బయటికి నెట్టినట్టు నిలబడ్డాడు.

"ప్రతి ఆదివారం పొద్దున్న మనిషిని పంపుద్దండీ. వానైనా పంపుద్ది. నేను రాననే చెప్తాను. అయినా పంపుద్ది. ఆ పిలుపు వినేకే నేను పనిలోకి వెళ్తాను." చేతిలో కాయ బుట్టలోకి విసిరాడు. "ఇవాళ క్యారేజీ పంపిందా? అంటే అయిపోయిందనేగా? మంచాన పడ్డవాళ్ళలో కలిపేసిందా నన్ను?"

"అలా కాదండీ జకరయ్య గారూ..."

అతను వినలేదు. దండెం మీద చొక్కా లాగి భుజాన వేసుకున్నాడు. నా చేతిలోంచి క్యారేజీ లాక్కుని వంతెన వైపు నడిచాడు. వెనకే పరుగులాంటి నడకతో నేను. నా లెక్క ఎక్కడ తప్పిందో నడుస్తూనే తెలిసింది. ఆ ఇద్దరి మధ్య నేను తెగిపోయిందనుకున్న లెక్క ఒకవైపు నుంచి తెరిచే ఉంది. ఆ ఒకవైపు తెరిచి ఉండడం మీదే రెండోవైపు మనిషి బతుకుతున్నాడు.

అతను వచ్చీ రాగానే క్యారేజీని బల్ల మీద ఠపీమని పెట్టాడు. "ఏంటక్కా ఇది?"

దీనమ్మగారు క్యారేజీని చూశారు, తమ్ముణ్ణి చూశారు. "నేను పంపలేదురా."

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. బుల్లబ్బాయి వ్యాను ఎక్కి తలుపేసుకున్నాడు.

"ఏడుకొండలు గారూ!" అన్నారు దీనమ్మగారు.

"నాకు సామాను కావాలండీ, చీకటి పడిపోతోంది" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

జకరయ్యకి ఒంట్లో ఉన్న విసురంతా దిగిపోయింది. అప్పుడు చూశాడు, బోర్లించిన ఆకునీ, తాకని గ్లాసునీ, అక్క చేతి వణుకునీ. "నువ్వు తిన్నావా?"

ఆవిడ అతని ఆకు వైపు చూశారు.

"పొద్దున్న ఇంజెక్షను చేసుకున్నావా?"

"చేసుకున్నాను."

"బుద్ధుందా నీకు? ఊరందరికీ చెప్పేదానివి! కూర్చో ఇటు." ఆవిడ కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, పై ఆకు తీసి, కింది ఆకు మీద నీళ్ళు చిలకరించాడు. చేతులు కడుక్కుని క్యారేజీ గిన్నెలు విప్పి వరసగా పేర్చుకున్నాడు. ఉప్పు ముందు, ఎక్కడ పడాలో అక్కడ పడింది. బూరె పెట్టి, దాని నడుమ వేలితో గుంట చేసి నెయ్యి కోసం చూశాడు. పాస్టరుగారి భార్య గిన్నె అందించింది. అన్నాళ్ళ తర్వాత కూడా అతని చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

"నువ్వు కూడా కూర్చో" అన్నారు దీనమ్మగారు.

"నేను కూర్చోను. నాకాయనతో పొత్తు లేదు. నువ్వు ప్రార్థన చేసుకుంటే చేసుకో. ఇక్కడే నిలబడతాను. తొందరగా కానీ."

ఆవిడ తల వంచారు. జకరయ్య కళ్ళు మూసుకోలేదు, తల వంచలేదు. కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు. పప్పు గరిటె మాత్రం ఆవిడ ఆమెన్ అనేదాకా గాల్లోనే ఆగింది.

ఆవిడ తింటున్నారు, కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఉండబట్టలేకపోయాను. "వచ్చేరు కదండీ, ఇంకా ఎందుకండీ?"

"వచ్చేడు బాబూ. నాకు చాలు." ముద్ద మింగి మందిరం తలుపు వైపు చూశారు. "లోపల ఒకాయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఈ ఏడుపు ఆయన కోసం."

జకరయ్య విన్నాడు. పులిహోర మారు వడ్డించాడు. ఆవిడ తినడం అయ్యాక ఆకు మడిచి తీసేశాడు. క్యారేజీ కడిగి వసారాలో మేకుకి తగిలించి వచ్చాడు. చొక్కా తొడుక్కుంటూ, "ఆదివారం మనిషిని పంపు" అన్నాడు.

దీనమ్మగారు తలెత్తారు.

"రాను. అయినా పంపు. క్యారేజీ మాత్రం పంపకు" అనేసి వంతెన వైపు వెళ్ళిపోయాడు. అతను ఒక్క మెతుకు కూడా తినలేదు.

సామాను పాశర్లపూడికి ఆలస్యంగానే చేరింది. పెళ్ళివారు నాలుగు మాటలన్నారు, పడ్డాను. అక్కడితో నా పని అయిపోయింది. కాని ఆ వారం గడిచాక, వేరే పని కల్పించుకుని మరీ పేట వైపు వెళ్ళాను. దీనమ్మగారు వసారాలో బియ్యం ఏరుతున్నారు.

"పంపేరాండీ?"

"పంపేను."

"వచ్చేరాండీ?"

"లేదు బాబూ."

అప్పటి నుంచి ఆవిడ మందులకి సెంటరుకొచ్చినప్పుడల్లా కొట్టులోంచి కేకేసి అడుగుతాను. కొట్లో కూర్చున్నవాళ్ళు నవ్వుతారు. "షావుకారుగారు మతం పుచ్చుకుంటున్నారేమో" అంటాడు బుల్లబ్బాయి. నేను పుచ్చుకోలేదు. ఏటా తిరపతి వెళ్ళేవాళ్ళం, వెళుతూనే ఉన్నాం. వాళ్ళ దేవుడు నిజంగా ఏడుస్తాడో లేదో తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. నేను చెప్పగలిగింది ఇంతే. జకరయ్య వచ్చినా రాకపోయినా నా కొట్టుకి లాభమూ లేదు, లోటూ లేదు. అయినా ఆవిడ రోడ్డు అవతల నుంచి చెయ్యి అడ్డంగా ఊపి "పంపుతూనే ఉన్నాను బాబూ" అన్న రోజున, ఆ పూట నాకు అన్నం సహించదు.